మోడెస్టో దగ్గర కొత్త స్టేట్ పార్కు డోస్ రియోస్: ఎవరైనా వెళ్లొచ్చారా?

మౌంటెన్‌హౌస్_మావయ్య | 2024 జూన్ 29

అందరికీ నమస్కారం. ఈ నెల 12న మోడెస్టో పక్కన డోస్ రియోస్ అని కొత్త స్టేట్ పార్కు తెరిచారు కదా, ఎవరైనా చూసొచ్చారా? కాలిఫోర్నియాలో పదేళ్ల పైచిలుకు తర్వాత వచ్చిన మొదటి కొత్త స్టేట్ పార్కట, లెక్కలో 280వది. మా ఇంటి నుంచి గంట లోపే. యోసెమిటీ అంటే తెల్లారకుండా లేవాలి, పార్కింగ్ దొరుకుతుందో లేదో టెన్షన్, వెనక సీట్లో పిల్లల వాంతులు. దగ్గర్లో ఏదైనా ఉంటే బాగుండని ఎన్నాళ్లుగానో చూస్తున్నాం.

అక్టోబరులో అమ్మానాన్న వస్తున్నారు. నాన్నకి మోకాళ్ల నొప్పులు, ఎత్తులు ఎక్కలేరు. అమ్మకి ఎక్కడికి తీసుకెళ్లినా నీళ్లు కనపడాలి, లేకపోతే అది ఊరే కాదు. చదునైన దారి ఉందా, నీడ ఉందా, బాత్రూమ్ సంగతేంటి, కాస్త చెప్పండి.

చల్లపల్లి_చిన్నోడు | 2024 జులై 8

వెళ్లాను బ్రదర్. నా తప్పు ముందే ఒప్పుకుంటున్నాను: జులై మొదటి వారం ఎండల్లో, మధ్యాహ్నం పన్నెండుకి వెళ్లాను. ఆ వారం ఈ సెంట్రల్ వ్యాలీ లోయంతా నిప్పుల కొలిమి. రెంటచింతల గుర్తొచ్చింది.

స్టేట్ పార్కు అనగానే జలపాతం, పెద్ద చెట్లు, ఫొటో దిగడానికో బండరాయి అనుకున్నాను. ఇక్కడ చదును నేల, లేత చెట్లు, పొదలు, మట్టి దారి, పిక్నిక్ బల్లలు, బాత్రూమ్. అంతే. ఈత లేదు, పడవ లేదు, రాత్రి టెంటు వేసుకోవడం లేదు. పగలు వచ్చి పగలే పోవాలి. మావాడు కారు దిగి, 'డాడీ, పార్కు ఎక్కడ?' అని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. నలభై నిమిషాలు ఉండి మోడెస్టోలో ఐస్‌క్రీమ్ తినిపించి తీసుకొచ్చాను.

ఇంకోటి, దారి. ఫోన్‌లో మ్యాప్ నన్ను ఎవరిదో బాదం తోట గేటు దగ్గరికి తీసుకెళ్లి 'మీ గమ్యం వచ్చింది' అంది. ఒక కుక్క కూడా అదే మాట అంది.

పిల్లల_కోడి | 2024 జులై 9

చిన్నోడు గారూ, ఆ కుక్క మాట చదివి ఆఫీసులో గట్టిగా నవ్వేశాను.

మేం ఉదయం ఎనిమిదికి వెళ్లి పదిన్నరకల్లా బయటపడ్డాం. మాకు నచ్చింది. మావయ్య గారూ, దారి చదునే, మీ నాన్నగారికి ఇబ్బంది ఉండదు. నీడ మాత్రం చెట్లు పెరిగేదాకా అడక్కండి. గొడుగు తీసుకెళ్లండి, సిగ్గుపడొద్దు, మా అత్తగారు పువ్వుల గొడుగు వేసుకునే నడిచారు. నీళ్ల సీసాలు మనిషికి రెండు. ఫుల్ ప్యాంట్లు వేసుకోండి. నది పక్క పొదల్లో నెటిల్ అనే మొక్క ఉంటుంది, మన దురదగొండికి అక్క లాంటిది. నిక్కర్లు వేసుకొచ్చిన పిల్లలకి ఆ రోజంతా అదే పాట. ఇంటికెళ్లాక పిక్కలు, మెడ చూసుకోండి, గోమార్లు అంటుకుంటాయి.

ఈ పార్కని కాదు గానీ, స్టేట్ పార్కులన్నిటికీ పనికొచ్చే ముక్క ఒకటి. మీ ఊరి పబ్లిక్ లైబ్రరీలో పుస్తకం తెచ్చుకున్నట్టే స్టేట్ పార్కుల పాస్ తెచ్చుకోవచ్చు. దాంతో 200కి పైగా పార్కుల్లో కారుకి ఆ రోజు రుసుము కట్టక్కర్లేదు. మౌంటెన్‌హౌస్‌లో ఉండి అది వాడుకోని తెలుగువాళ్లని చూస్తే నాకు బాధేస్తుంది.

కొల్లేటి_కొంగ | 2024 జులై 11

చిన్నోడు తమ్ముడూ, మీ అబ్బాయి అడిగింది సరైన ప్రశ్నే. ఆ పార్కు ఇంకా తయారవుతోంది. పదేళ్ల కిందట అక్కడ ఉన్నది పొలం.

టువాలమీ నది వచ్చి సాన్ వాకీన్ నదిలో కలిసే చోటది. స్పానిష్‌లో డోస్ రియోస్ అంటే రెండు నదులు. ఈ లోయలో ఒకప్పుడు నదుల ఒడ్డున మైళ్ల వెడల్పున అడవులు, చిత్తడి నేలలు ఉండేవి. కరకట్టలు వేసి, ఆనకట్టలు కట్టి, చదును చేసి, సాగులోకి తెచ్చాక వాటిలో 95 శాతం పైనే పోయాయి. ఈ 1,600 ఎకరాలూ అలాంటి భూమే. పాడి పశువుల మేత, మిగతా పంటలు పండేవి. 2012లో రివర్ పార్ట్‌నర్స్ అనే లాభాపేక్ష లేని సంస్థ, టువాలమీ రివర్ ట్రస్ట్‌తో కలిసి ఆ పొలాన్ని కొన్నది. మూడున్నర లక్షలకి పైగా చెట్లూ మొక్కలూ నాటారు. అన్నీ అక్కడివే: వ్యాలీ ఓక్, కాటన్‌వుడ్, విల్లో, ఎల్డర్‌బెర్రీ. నదికీ పొలానికీ మధ్య ఉన్న కట్టల్ని కొన్నిచోట్ల తెగ్గొట్టారు, వరదొస్తే నది పక్కకి పరుచుకోవడానికి. 2023లో నిజంగానే వచ్చి పరుచుకుంది. చెట్లు ములిగాయి, బతికాయి. అవి అందుకు పుట్టిన చెట్లే.

అక్కడ మట్టి దిబ్బలు కనిపించాయా? పిల్లలు ఆడుకోవడానికి కాదు, కుందేళ్లవి. రిపేరియన్ బ్రష్ ర్యాబిట్ అని ఒక బుజ్జి కుందేలు ఉంది, ఈ చుట్టుపక్కల తప్ప లోకంలో ఎక్కడా ఉండదు. 2000లో దాన్ని అంతరించిపోయే జీవుల జాబితాలో చేర్చారు. వరదొస్తే పాపం ఎక్కడికీ పోలేదు, చుట్టూ పొలాలే. 1997 వరదలకి దాదాపు తుడిచిపెట్టుకుపోయింది. అందుకే నీళ్లొచ్చినప్పుడు ఎక్కి కూర్చోవడానికి దిబ్బలు పోసి, వాటిమీద పొదలు పెంచారు. కుందేళ్ల మాయదారి జబ్బు ఒకటి 2020లో కాలిఫోర్నియాకి వచ్చినప్పుడు ఈ అడవి కుందేళ్లని పట్టుకుని టీకాలు కూడా వేశారు. మనకి కోవిడ్ టీకాలు వేసిన రోజులే అవి.

గద్వాల_బిడ్డ | 2024 జులై 11

కుందేళ్లకి టీకా! మా నడిగడ్డల కుందేలు కనిపిస్తే వేరే కార్యక్రమం ఉండె.

రెండు నదులు కలిసే కాడ అంటే మా అలంపురం పక్క సంగమేశ్వరం యాదికొచ్చింది. కృష్ణా తుంగభద్రా కలుస్తయి. శ్రీశైలం నీళ్లు నిండితే గుడి ములుగుతది, ఎండాకాలం తేల్తది. మౌంటెన్‌హౌస్ అన్నా, అమ్మకు సంగమం అని చెప్పి తీస్కపో, చాలు. చెట్లున్నయా లేవా ఆమె అడగదు.

ఒక్క డౌటు. రాసేటప్పుడు టువోలుమ్నే, పలికేటప్పుడు టువాలమీ. ఇదేం లెక్క?

పాతకాపు_మోడెస్టో | 2024 జులై 13

1998 నుంచి ఈ ఊళ్లో ఉన్నాను, ఇప్పటికీ పొరపాటున 'న' వచ్చేస్తుంది. ఆ నీళ్లు యోసెమిటీ కొండల్లోంచి వస్తాయి. దారిలో హెచ్ హెచీ దగ్గర ఆనకట్ట కట్టి శాన్ ఫ్రాన్సిస్కో కుళాయిలకి పట్టుకుపోతారు, ఆ తర్వాత డాన్ పెడ్రోలో మళ్లీ ఆపుతారు. అందరూ తాగగా, తడుపుకోగా మిగిలింది ఇక్కడికి వస్తుంది. నిదానంగా ఉందని దాన్ని తిట్టకండి, చాలా పని చేసి వచ్చింది.

నీడే ముఖ్యమనుకుంటే రిపన్ దగ్గర కాస్‌వెల్ స్టేట్ పార్కు ఉంది, స్టానిస్లాస్ నది ఒడ్డున. చిన్నదే గానీ పాత ఓక్ చెట్లు చూడాలి. ఒక్కో కొమ్మ మన మర్రి కొమ్మంత. డోస్ రియోస్ యాభై ఏళ్లకి ఎలా ఉంటుందో చూడాలంటే ఇప్పుడు అక్కడికి వెళ్లాలి. మీ పిల్లవాడిని ముందు అక్కడికి తీసుకెళ్లి, తర్వాత ఇక్కడికి తెచ్చి ఉంటే ఆ ప్రశ్న అడిగేవాడు కాదు.

రైతుబిడ్డ_ఫ్రెమాంట్ | 2024 ఆగస్టు 4

ఆలస్యంగా చూశాను ఈ చర్చ. అందరూ మెచ్చుకుంటున్నారు కాబట్టి నేను అడ్డం తిరుగుతాను.

ప్రపంచానికే తిండి పెట్టే లోయ ఇది. నీళ్లూ ఒండ్రూ ఉన్న 1,600 ఎకరాలు కొని, పంట తీసేసి, పొదలు పెంచి, కుందేళ్లకి దిబ్బలు పోశారా? మా తాత ఎకరంన్నర కోసం ముప్ఫై ఏళ్లు కోర్టు చుట్టూ తిరిగాడు. ఈ మాట ఆయన వింటే లేచొస్తాడు. పార్కు కావాలంటే బీడు భూమి లేదా?

కొల్లేటి_కొంగ | 2024 ఆగస్టు 4

మీ తాతగారిని పడుకోనివ్వండి. అది తరచూ మునిగే పొలం. అమ్మినవాళ్లు ఇష్టపడి అమ్మారు, ఎవరూ లాక్కోలేదు. అక్కడ వరద పరుచుకుంటే దిగువ ఊళ్లమీద ఆ మేరకి ఒత్తిడి తగ్గుతుంది, భూమిలోకి నీళ్లు ఇంకుతాయి. ఇంకో సంగతి, సాల్మన్ చేపపిల్లలు నది పాయలో కన్నా ఇలా పరుచుకున్న పల్చటి నీటిలో తొందరగా ఎదుగుతాయి. ఎండ తగిలి నీళ్లు వెచ్చబడి, పురుగూ పుట్రా పుడతాయి, తిండి బాగా దొరుకుతుంది. మా వైపు చేపల రైతుని అడగండి, ఈ లెక్క మీకన్నా నాకన్నా బాగా చెబుతాడు.

రైతుబిడ్డ_ఫ్రెమాంట్ | 2024 ఆగస్టు 5

మీ వైపు సంగతి మీరే ఎత్తారు. కొల్లేరులో అయిదో కాంటూరు (సముద్రమట్టానికి అయిదడుగుల ఎత్తు) అని 1999లో గీత గీసి అభయారణ్యం అన్నారు. 2006లో చేపల చెరువులు పగలగొట్టారు. తర్వాత ఏమైంది? మళ్లీ చెరువులే కదా.

కొల్లేటి_కొంగ | 2024 ఆగస్టు 5

నిజమే. నేను పుట్టిందే కైకలూరు పక్కన, నాకు తెలియదా. గట్లు తెగ్గొట్టిన రోజు మా మేనమామ రోడ్డుమీద కూర్చుని ఏడ్చాడు. ఆయన పక్కనే నిలబడి, వెనక్కి వచ్చిన నీళ్లలో వల వేసుకోవచ్చని సంతోషించినవాళ్లూ ఉన్నారు. రెండూ నా కళ్లతో చూశాను. ఇక్కడ డబ్బిచ్చి కొన్నారు, పన్నెండేళ్లు కూర్చుని పని చేశారు, తర్వాత గేటు తెరిచారు. తేడా అక్కడే ఉందనుకుంటాను. కొల్లేరుని పోలిక తేవద్దనడం లేదు, తెస్తే మొత్తం తెమ్మంటున్నాను.

సింగ్‌నగర్_కుర్రాడు | 2024 సెప్టెంబర్ 10

ఇన్నాళ్లూ చదవడమే, రాయలేదు. మాది విజయవాడ సింగ్‌నగర్. ఈ నెల మొదట్లో బుడమేరు మా ఇంట్లోకి వచ్చింది. అమ్మ, తమ్ముడు మేడమీద మూడు రోజులున్నారు. ఫోన్ చార్జింగ్ అయిపోతుందని రోజుకి ఒక్క నిమిషం మాట్లాడేవాళ్లు. నేనిక్కడ కాలిఫోర్నియా డబ్లిన్‌లో కూర్చుని డ్రోన్ వీడియోల్లో మా వీధి వెతుక్కున్నాను.

బుడమేరు ఎప్పుడూ కొల్లేరులోకి పోవాల్సిన వాగే. పోయే దారిలో మా కాలనీ ఉంది. మేమే దాని దారిలో ఇల్లు కట్టుకున్నామని నాన్న ఉన్నప్పుడు నవ్వుతూ అనేవాడు. రైతుబిడ్డ గారూ, మీ మాట తప్పని అనను. నీళ్లు పరుచుకోవడానికి వదిలిన భూమి కరువైతే ఏమవుతుందో ఈ వారం చూశాను, అంతే. పోయిన ఆదివారం ఇంట్లో ఉండలేక ఆ పార్కుకి వెళ్లాను. గంటసేపు ఊరికే కూర్చున్నాను.

రైతుబిడ్డ_ఫ్రెమాంట్ | 2024 సెప్టెంబర్ 10

తమ్ముడూ, అమ్మ ఎలా ఉన్నారు? డబ్బు అవసరం ఏదైనా ఉంటే మొహమాటపడకుండా మెసేజ్ పెట్టు. పార్కు గొడవ తర్వాత చూసుకుందాం.

మౌంటెన్‌హౌస్_మావయ్య | 2024 సెప్టెంబర్ 12

అమ్మగారు క్షేమమే కదా తమ్ముడూ.

మాదీ అదే కథ. నాన్న కొల్లూరు వైపు లంకలో వ్యవసాయం. ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కులు దాటి వదిలినప్పుడు లంకలన్నీ మునిగాయి. పసుపు, కంద, అరటి పోయాయి. టికెట్లు రద్దు చేయమన్నారు. చేయలేదు. 'పొలంలో నీళ్లు తీసేదాకా నువ్వు చేసేదేం లేదు నాన్నా, వచ్చెయ్' అని బతిమాలి ఒప్పించాను. పార్కు సంగతి ఇంకా చెప్పలేదు. వరద కోసమే వదిలిన పొలం చూపిస్తానంటే కొడతారేమో.

కొల్లేటి_కొంగ | 2024 సెప్టెంబర్ 13

నవంబరులో తీసుకెళ్లండి. ఎండ ఉండదు. మోడెస్టోకి పడమరగా బెక్‌విత్ రోడ్డులో పక్కనున్న వన్యప్రాణి శరణాలయం వాళ్లు పక్షుల్ని చూడ్డానికి కట్టిన అరుగు ఒకటి ఉంది, అక్కడ కూడా ఆగండి, కారు దిగి నాలుగడుగులు వేస్తే చాలు. చలికాలంలో అల్యూషియన్ బాతులు వేలల్లో దిగుతాయి. ఒకప్పుడు వాటిని అంతరించిపోయాయనే అనుకున్నారు. బొచ్చు వ్యాపారులు అవి గుడ్లు పెట్టే అలాస్కా దీవుల్లో నక్కల్ని వదిలితే గుడ్లన్నీ తినేశాయట. నక్కల్ని తీసేశాక మళ్లీ పెరిగాయి, 2001లో జాబితాలోంచే తొలగించారు. శాండ్‌హిల్ క్రేన్లు కూడా వస్తాయి, మన సారస పక్షులకి దాయాదులు. అవి సాయంత్రం అరుచుకుంటూ గూటికి చేరుతుంటే మాట్లాడబుద్ధి కాదు. బైనాక్యులర్స్ లేకపోతే నా దగ్గర రెండు జతలున్నాయి, ట్రేసీ ఊరికి వచ్చి పట్టుకెళ్లండి.

పాతకాపు_మోడెస్టో | 2024 సెప్టెంబర్ 13

నవంబరు అంటే మంచు కూడా చూసుకోండి. ఇక్కడి పొగమంచుని తూలీ ఫాగ్ అంటారు. తూలీ అంటే మన తుంగ లాంటి నీటి మొక్కే. వానపడి గాలి లేని మర్నాడు పొద్దున్న కారు ముందు బానెట్ కూడా కనపడదు. 132 హైవే మీద అలాంటప్పుడు సాహసాలొద్దు, పదింటికి బయల్దేరండి. ఏ రోజుల్లో, ఏ వేళల్లో తెరిచి ఉంటుందో పార్కు వెబ్‌సైట్‌లో చూసుకోండి. కొత్త పార్కు కదా, మారుతూ ఉండొచ్చు.

మౌంటెన్‌హౌస్_మావయ్య | 2024 నవంబర్ 18

నిన్న వెళ్లొచ్చాం. పెద్ద పోస్టు, ఓపికుంటే చదవండి.

పదకొండున్నరకి చేరాం. పల్చటి ఎండ. పులిహోర, పెరుగన్నం, ఆవకాయ. పిక్నిక్ బల్లమీద అమ్మ పాత చీర పరిచింది, లేకపోతే తినదు. పిల్లలు జులైలో అయితే ఏడ్చేవాళ్లేమో గానీ నిన్న దారిమీద అడుగుల గుర్తులు వెతుకుతూ తిరిగారు. కుందేలు కనపడలేదు. దాని పెంటికలు కనిపించాయని మా చిన్నది ఫొటో తీసుకుంది. ఇవాళ స్కూల్లో చూపించిందట.

నాన్నకి ముందు ఏమీ చెప్పలేదు. దిగగానే నిలబడి చుట్టూ చూశారు. పది నిమిషాలు నడిచాక, 'ఇది అడవి కాదురా, తోట' అన్నారు. ఎందుకన్నానో చూడు అని పక్కకి తీసుకెళ్లి చూపించారు. ఒక మూల నుంచి చూస్తే చెట్లన్నీ వరసల్లో ఉన్నాయి. నేను అప్పటిదాకా గమనించలేదు. వరసకీ వరసకీ మధ్య దూరం అడుగులు వేసి కొలిచారు, మోకాళ్ల సంగతి ఆ కాసేపు మర్చిపోయారు. మొక్క పెట్టి నీళ్లెలా పెట్టారు, ఎన్నేళ్లు పెట్టారు, కలుపు ఎవరు తీశారు అని వరసగా అడిగారు. నాకు ఒక్కటీ తెలియదు. కొంగ గారికి అక్కడి నుంచే ఫోన్ చేశాను.

పన్నెండేళ్ల కథ, కట్టలు తెగ్గొట్టడం, 2023 వరద, అన్నీ చెప్పాను. కొట్టలేదు. పొలం అమ్మినవాళ్లకి ఎకరానికి ఎంత వచ్చిందని అడిగారు. అదీ తెలియదన్నాను. 'అసలు సంగతి తెలుసుకోకుండా చెట్లు చూపిస్తావేంరా' అన్నారు.

సంగమం చోటు దాకా నడవలేదు. అమ్మ మాత్రం బ్యాగులోంచి పసుపు కుంకుమ పొట్లం తీసింది, ఇంటి దగ్గరే పెట్టుకొచ్చింది, నాకు తెలియదు. నదిలో ఏమీ వేయకూడదమ్మా అంటే, దూరం నుంచి దణ్ణం పెట్టి పొట్లం మళ్లీ లోపల పెట్టుకుంది.

సాయంత్రం బెక్‌విత్ రోడ్డు. బాతులు లేచాయి. ఎన్నో లెక్కపెట్టలేను, ఆ చప్పుడు మాత్రం ఇంకా చెవిలో ఉంది. నాన్న మొదటి మాట: 'ఇవి చేలో దిగితే రైతు గతేం కాను?'

రైతుబిడ్డ_ఫ్రెమాంట్ | 2024 నవంబర్ 18

మీ నాన్నగారి కాళ్లకి నమస్కారం. ఈ చర్చలో నా పక్షాన మాట్లాడిన మొదటి మనిషి.

కొల్లేటి_కొంగ | 2024 నవంబర్ 18

నీకన్నా ముందు నాకు ఫోన్ చేశారులే. మీ అందరి కోసం మళ్లీ రాస్తున్నాను: ఈ రివర్ పార్ట్‌నర్స్ సంస్థ మొక్కల్ని తోట వేసినట్టే వేస్తుంది. ట్రాక్టరు తిరగడానికి వీలుగా వరసలు, నీళ్లు పెట్టడానికి గొట్టాలు. సుమారు మూడేళ్లు నీళ్లు పెట్టి, కలుపు తీసి, వేళ్లు లోతుకి దిగాక వదిలేస్తారు. ఆ తర్వాత వరదలు, విత్తనాలు, పక్షులు కలిసి వరసల్ని చెరిపేస్తాయి. పెద్దాయన అంతా విని, 'అయితే మూడేళ్లు వీళ్లూ రైతులే' అన్నారు. ఆ తర్వాత లంకలో అరటి మళ్లీ ఎప్పుడు పెట్టాలో అరగంట మాట్లాడారు.

చల్లపల్లి_చిన్నోడు | 2024 నవంబర్ 19

సరే, మళ్లీ వెళ్తాం. మావాడికి కుందేలు పెంటికల ఫొటో చూపించాను, ఈ శనివారమే పోదామంటున్నాడు. జలపాతం చూపిస్తానంటే రాని వెధవ.

గద్వాల_బిడ్డ | 2024 నవంబర్ 19

మేం కూడ వస్తం చిన్నోడన్నా. బాదం తోట గేటు కాడ కలుసుకుందామా?

పిల్లల_కోడి | 2024 నవంబర్ 20

శనివారం పొద్దున్న మంచు ఉంటుందంటున్నారు, పదికి ముందు బయల్దేరకండి. మావయ్య గారూ, బల్లమీద పరిచిన చీర తెచ్చుకున్నారా? మా వారు నిన్న అటువైపు వెళ్తే ఎర్రంచు నీలం చీర ఒకటి మడతపెట్టి బల్లమీద కనిపించిందట. ఎవరిదో ఏమో అని అక్కడే వదిలేసి వచ్చారు.

మౌంటెన్‌హౌస్_మావయ్య | 2024 నవంబర్ 20

అయ్యో, అది అమ్మదే. నిన్నటి నుంచి ఇల్లంతా వెతుకుతోంది. చిన్నోడు గారూ, శనివారం దాకా ఉంటే దయచేసి తీసుకురండి.